పోపు గారి ప్రొబేషన్

నక్షాల భాండాగారంలో పిల్లిపిల్ల ఉద్యోగంలో చేరిన రోజున ఎవరూ నవ్వలేదు. అది నవ్వదగ్గ విషయమని ఎవరికీ తోచలేదు కూడా. జిల్లాలోని ఊళ్ళన్నిటి పాత సర్వే పటాలూ ఆ కార్యాలయంలోనే ఉన్నాయి. ఎలుకలూ అక్కడే ఉన్నాయి. అవి ఒక ఊరి చెరువు సగం తినేశాయి. ఇంకో ఊరికి శ్మశానమే లేకుండా చేశాయి. రెండూళ్ళ పొలిమేర తగాదా కోర్టుకెక్కితే, పటం మీద సర్వేయరు గీసిన గీత ఏదో, ఎలుక కొరికిన గాటు ఏదో తేల్చుకోలేక, తీర్పు చివరికి గాటు వెంబడే వచ్చింది. అప్పటికి పైకార్యాలయం వారిలో కదలిక వచ్చి, ఒక పిల్లిని నియమించుకోవచ్చునని ఉత్తర్వులు పంపారు.

ఆ ఉత్తర్వుల అడుగున ఒక వాక్యం ఉంది. "కొత్తగా కొలువులో చేరు వారందరికీ వర్తించు నిబంధనలన్నియు సదరు మార్జాలమునకు సైతము వర్తించును." అది రాసిన మహానుభావుడెవరో, ఏ ధ్యాసలో ఉండి రాశాడో తెలీదు గానీ, తరవాత జరిగిందంతా ఆ వాక్యం పుణ్యమే.

కార్యాలయాధిపతి వామనమూర్తిగారు నిబంధన చూడనిదే తుమ్మని మనిషి. ఆయన ఉత్తర్వుని రెండు వైపులా తిప్పి చదివి, కొత్తవాళ్ళకి ప్రొబేషన్ ఉంటుంది కాబట్టి పిల్లిపిల్లకీ ఉంటుందని తేల్చారు. ప్రొబేషన్ ఉన్నాక శిక్షణ ఉండాలి. శిక్షణలో నెగ్గకపోతే తొలగింపు ఉండాలి. పిల్లుల్ని తొలగించే పద్ధతి ఆ ఊళ్ళో అందరికీ తెలిసిందే. గోనెసంచిలో వేసి, మూతి బిగించి, గోదావరి దాటించి అవతలి గట్టు మీద వదిలేస్తారు. అందుకని ఆయన ఒక గోనెసంచి తెప్పించి, తన కుర్చీ వెనక గోడకి మేకు కొట్టించి, దానికి తగిలించారు.

"ఇది బెదిరింపు కాదు. ముందస్తు ఏర్పాటు," అన్నారు.

శిక్షణ బాధ్యత సీనియర్ అసిస్టెంట్ పంకజవల్లి మీద పడింది. ఎలుకల ఫైలు ఆవిడ దగ్గరుంది. ఎలుకల ఫైల్లోంచి పుట్టింది గనక పిల్లి ఫైలూ ఆవిడ దగ్గరికే వచ్చింది. ఆవిడకి ఎలుకలంటే ఉన్న భయం ఆ కార్యాలయంలో అందరికీ తెలుసు. బీరువా వెనక కిచుమంటే చాలు, యాభై దాటిన ఆ మనిషి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని కుర్చీ ఎక్కి నిలబడేది. ఎలుకలు కొరికిన పటాలకి పలచటి బట్ట వేసి, మైదాపిండి జిగురుతో అతికించి, తెగిపోయిన గీతల్ని మళ్ళీ కలపడం ఆవిడ పని. ఆ పనికి కిందటేడు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దాన్ని వామనమూర్తిగారు అందుకున్నారు. కిందివాళ్ళు చేసింది పైవాళ్ళ ఖాతాలో పడడం అక్కడ మామూలే కాబట్టి పంకజవల్లికి కూడా అందులో తప్పు కనిపించలేదు.

పిల్లిపిల్ల మొదటిరోజే ఆవిడ బల్ల సొరుగులోకి దూరింది. కాసేపటికి బయటికొచ్చి, ఒళ్ళోకెక్కి, ముందుకాళ్ళతో ఆవిడ పొట్ట మీది చీరని చపాతీ పిండి పిసికినట్టు పిసికి, గుర్రుమంటూ నిద్రపోయింది. పసుపురంగు ఒళ్ళు, దాని మీద ఆవాలు చిటపటలాడినట్టు నల్లచుక్కలు. పంకజవల్లి దానికి పోపు అని పేరు పెట్టేసింది. ఆవిడుండే అద్దెవాటాలో ఇంటిగలావిడ చిలకని కూడా ఉంచుకోనివ్వదు. అంచేత ఇంత పెద్ద ప్రపంచంలో పోపు పంకజవల్లి ఒళ్ళో పడుకోగలిగిన చోటు ఆ కార్యాలయం ఒక్కటే. ఆవిడ తలెత్తి చూస్తే తలుపులోంచి ఎదురుగా మేకూ, మేకుకి సంచీ కనిపించేవి. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ పోపు మీద కొంగు కప్పేది.

అసలు చిక్కు ఎలుకల దగ్గర రాలేదు. గేటు దగ్గర వచ్చింది.

పోపుకి మనుషులంటే ఇష్టం. పొద్దున్న గేటు దగ్గర చెప్పుల చప్పుడు వినపడగానే తోక నిటారుగా నిలబెట్టుకుని పరిగెత్తి, వచ్చేవాళ్ళ కాళ్ళకి అడ్డంగా ఒకసారి ఇటూ, ఒకసారి అటూ తిరిగేది. మొదట చూసింది అటెండరు నూకరాజు. గేటులో పెట్టిన కుడికాలు అలాగే వెనక్కి తీసి, ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాడు. మళ్ళీ పోపు ఎదురొచ్చింది. మధ్యాహ్నం భోజనాల దాకా అతను ఇంటికీ గేటుకీ మధ్యే ఉద్యోగం చేశాడు.

"ఇదేమిటి నూకరాజూ!" అని పంకజవల్లి నిలదీసింది.

"నేనేం చెయ్యనమ్మగారూ? వీధి పిల్లైతే రాయి చూపిచ్చి తోలేద్దును. ఇది గవర్నమెంటు పిల్లాయె!"

వారం తిరక్కుండా కార్యాలయం మొత్తం అదే దారి పట్టింది. హాజరుపట్టీలో ఆలస్యానికి కారణం కింద అందరూ ఒకే మాట రాయసాగారు: "మార్జాలము ఎదురగుట." వామనమూర్తిగారు ఎవర్నీ కోప్పడలేకపోయారు. ఆయన జీపు కూడా రెండుసార్లు వెనక్కి మళ్ళింది.

చివరికి ఆయన పోపుకి మెమో ఇచ్చారు. "మీరు కార్యాలయ ద్వారము వద్ద సిబ్బందికి అడ్డముగా సంచరించుచు, వారి విధులకు విఘాతము కలిగించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. మీపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." పంకజవల్లి ఆ కాగితాన్ని పోపు ముందు పెట్టింది. పోపు దాన్ని వాసన చూసి, దాని మీద గుండ్రంగా తిరిగి, పడుకుంది.

"అందుకున్నట్టు రాసుకోండి," అన్నారు వామనమూర్తిగారు.

సంజాయిషీ రాలేదు. అప్పుడు పోపు మెళ్ళో గంట కట్టించారు. గంట వినపడగానే సిబ్బంది కళ్ళు మూసుకోవాలని ఆదేశం. కనపడని పిల్లి ఎదురొచ్చినట్టా, రానట్టా అని పైకార్యాలయాన్ని వివరణ కోరారు. ఆ వివరణ రాకముందే నూకరాజు కళ్ళు మూసుకుని నడిచి గేటు స్తంభానికి గుద్దుకున్నాడు. ఆ బొప్పి స్తంభం వల్ల వచ్చిందా, శకునం వల్ల వచ్చిందా అని సిబ్బంది రెండు వర్గాలుగా చీలిపోయారు. ఇక లాభం లేదని పైకార్యాలయం ఒక నిపుణుణ్ణి పంపింది.

ఆయన పేరు డాక్టర్ కిరీటి. జంతువుల నడవడిక మీద పరిశోధన చేసినవాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఈకలు కట్టిన పుల్ల. సిబ్బందినంతా నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టాడు.

"సమస్య పిల్లిలో ఉండదండీ. పరిసరాల్లో ఉంటుంది. ఇక్కడ పరిసరాలంటే మీరు," అని మొదలెట్టాడు. "పిల్లిపిల్ల పిసికితే తల్లి గుర్తొచ్చిందని అర్థం. తోక నిలబెడితే పలకరింపు. బల్లమీది సామాను కిందికి తోస్తే కుతూహలం. మీకేసి చూస్తూ నెమ్మదిగా కళ్ళు మూసి తెరిస్తే మిమ్మల్ని నమ్మిందని. అప్పుడు మీరూ అలాగే చెయ్యాలి. మంచి పని చెయ్యగానే ఒక ఎండుచేప పెట్టాలి. చెడ్డ పని చేస్తే తిట్టకూడదు, కొట్టకూడదు, అసలు చూడనే కూడదు."

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ విన్నది వామనమూర్తిగారు. సాయంత్రానికల్లా అది సర్క్యులర్ అయి కూర్చుంది: "అవాంఛనీయ ప్రవర్తనను సిబ్బంది ఎట్టి పరిస్థితులలోను గమనించరాదు."

మర్నాడు ఆ సర్క్యులర్‌ని ఆయనే నిలబడి చదివి వినిపిస్తున్నారు. పోపు ఆయన పంట్లాం పట్టుకుని ఎక్కడం మొదలెట్టింది. మోకాలి దగ్గర ఆయన గొంతు వణికింది. తొడ దగ్గరికొచ్చేసరికి "ఎట్టి పరిస్థితులలోను" అన్న మాటని మూడుసార్లు చదివారు. నడుం దాటి, వీపు మీదుగా భుజం ఎక్కి, చెవి కొరుకుతున్నప్పుడు ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. సిబ్బంది అంతా కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. గమనించినవాడికి మెమో ఖాయం మరి.

ఎండుచేపల సంగతి ఇంకో రకంగా తిరిగింది. ఒకరోజు నూకరాజు వచ్చి చెయ్యి చాపాడు.

"ఇయ్యాల పిల్లి ఎదురొచ్చినా ఎనక్కెళ్ళలేదండి. నాదీ మంచి నడవడికే గదండీ?"

వామనమూర్తిగారు సర్క్యులర్ తీసి చూశారు. అందులో పిల్లికి మాత్రమే అని ఎక్కడా లేదు. నూకరాజుకి ఒక ఎండుచేప మంజూరైంది. అది చూసి మిగతావాళ్ళూ వరస కట్టారు. శాకాహారులు తమకి అప్పడం ఇప్పించాలని విజ్ఞాపన పెట్టుకున్నారు. పటాల గదంతా చేపల వాసన పట్టి, ఆ వాసనకి పక్క వీధి ఎలుకలు కూడా ఇక్కడికి మారిపోయాయి.

పోపు మాత్రం గేటు దగ్గర అడ్డం తిరగడం మానలేదు. ఎలుకని పట్టనూ లేదు. ప్రొబేషన్ ముగిసే రోజు దగ్గర పడుతోంది. పంకజవల్లికి అన్నం సయించడం లేదు.

"చిన్నపిల్లండీ. ఎలుక ఎలా ఉంటుందో దానికెవరు చెప్పారని?" అంది కిరీటితో.

కిరీటి కళ్ళు మెరిశాయి. "సరిగ్గా పట్టుకున్నారు మేడమ్! పిల్లిపిల్లలు తల్లిని చూసి నేర్చుకుంటాయి. దీనికి తల్లి లేదు. అక్కడ ఒక ఖాళీ ఉంది."

ఖాళీ అన్న మాట చెవిన పడగానే పక్కగదిలోంచి వామనమూర్తిగారు లేచొచ్చారు. "ఖాళీ ఉంటే అట్టే పెట్టకూడదు, భర్తీ చెయ్యాలి," అన్నారు. ఆ పూటే ఉత్తర్వు వెలువడింది. సీనియర్ అసిస్టెంటు శ్రీమతి పంకజవల్లి తన ప్రస్తుత విధులకు భంగము లేకుండా, మాతృస్థానీయ మార్జాల హోదాలో పూర్తి అదనపు బాధ్యతలు స్వీకరించవలెను.

ఆవిడ ఒక్కసారి గోనెసంచి కేసి చూసి, చీర కొంగు నడుముకి దోపుకుంది.

పొద్దున్నే గేటు పక్క గోడవార ముడుచుకుని కూర్చోవాలి. సిబ్బంది వస్తుంటే అడ్డం రాకూడదు. వాళ్ళు లోపలికి వెళ్ళాకే కదలాలి. పోపు ఆ మర్యాద చూసి నేర్చుకోవాలి. మొదటి రోజు కాళ్ళు పట్టేసి ఆవిడ కాస్త పక్కకి జరిగింది. సరిగ్గా అప్పుడే గేటులోకి వచ్చిన నూకరాజు ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది పంకజవల్లి కింద కూర్చునే.

"మీరడ్డం వొచ్చేరండీ."

"నేను పిల్లినా ఏమిటి నూకరాజూ?"

"ఆర్డరు చదివేనమ్మగారూ. పిల్లి హోదాలో ఉన్నారు," అని చేతులు జోడించి, వెనక్కి తిరిగి, ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు.

మధ్యాహ్నాలు వేట పాఠం. బట్టతో చేసిన ఎలుకకి తాడు కట్టి కిరీటి లాగుతుంటే, పంకజవల్లి మోచేతుల మీద వంగి, ఊపిరి బిగబట్టి, బీరువాల సందుల్లో పాకి, దూకి పట్టుకోవాలి. మొదట్లో బీరువాకి గుద్దుకునేది. తరవాత్తరవాత గురి కుదిరింది. బట్ట ఎలుక మూల తిరిగేలోపు ఆవిడ చెయ్యి దాని మెడ మీద ఉండేది. పోపు బీరువా మీద కూర్చుని ఇదంతా చూస్తూ కాలు నాక్కునేది. "తల్లి పోస్టులో ప్రగతి అద్భుతంగా ఉంది," అని కిరీటి నివేదిక రాశాడు. పిల్ల పోస్టు గురించి ఏమీ రాయలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. పైకార్యాలయం నించి జాయింట్ డైరెక్టర్ హైమవతిగారు వచ్చారు. గేటు దగ్గర సంగతి విని పెరటి తలుపు గుండా వచ్చారు. పటాల గది మధ్యలో బల్లలు జరిపి చోటు చేశారు. వామనమూర్తిగారు తన కుర్చీనీ, దాని వెనక మేకునీ, సంచినీ ఆ పూటకి అక్కడికే మార్పించారు. నూకరాజు ఎలుకల బోను పట్టుకొచ్చాడు. అందులో మసాలావడ ముక్క, దాని పక్కన బలిసిన ఎలుక.

"ఇది ఎలా దొరికింది?" అన్నారు హైమవతిగారు.

"రాత్రి బోను పెట్టేనండి, పడింది. రోజూ పెడితే రోజూ పడతదండి."

"ఆ బోను కార్యాలయానిదా?"

"మా ఇంట్లోదండి. బోనుకి శాంక్షన్ లేదంట గదండీ."

"అయితే దాని ప్రస్తావన ఇక్కడ అనవసరం," అన్నారు ఆవిడ.

అధికారిణి ముందు కూర్చోకూడదు కాబట్టి వామనమూర్తిగారు లేచి నిలబడ్డారు. ఆయన లేచిన కుర్చీ వెచ్చగా ఉండడం గమనించి పోపు ఎక్కి కూర్చుంది. దించబోతే కిరీటి వారించాడు. పరీక్ష వేళ అభ్యర్థిని కదిలించకూడదట.

బోను తెరిచారు. ఎలుక బయటికొచ్చి మీసాలు కదిపింది. పోపు దాన్ని చూసింది. ఎలుక పోపుని చూసింది. పోపు ఆవులించి, వెనక్కాలు ఎత్తి, శ్రద్ధగా నాక్కోసాగింది. ఎలుక ఇక భయం లేదనుకుని తీరిగ్గా పటాల బీరువా కేసి బయల్దేరింది.

"చూశాం కదా," అన్నారు హైమవతిగారు. వామనమూర్తిగారి చెయ్యి వెనక్కి వెళ్ళి మేకు మీది గోనెసంచిని పట్టుకుంది.

పంకజవల్లి ఎలుకని చూడలేదు. ఆ చేతిని చూసింది. సంచిలో పోపు ఎలా గింజుకుంటుందో, అవతలి గట్టు మీద ఇసకలో నిలబడి ఎవరి కాళ్ళ కోసం తోక నిలబెడుతుందో అన్నీ ఆవిడ కళ్ళ ముందు కనిపించాయి. కళ్ళజోడు ఊడి ఎక్కడో పడింది. మోచేతుల మీద వంగడం, బీరువా సందులో పాకడం, దూకడం ఒక్క ఊపులో జరిగిపోయాయి. ఆవిడ లేచి నిలబడేసరికి ముడి వీడిపోయి జుట్టు మొహం మీద పడి ఉంది. కుడి పిడికిట్లో ఎలుక కిచకిచమంటోంది.

గదిలో ఎవరికీ ఏ నిబంధనా గుర్తు రాలేదు.

"ఎలుక దొరికింది," అన్నారు హైమవతిగారు.

"దొరికిందండి మేడమ్," అన్నారు వామనమూర్తిగారు.

"అభ్యర్థి ఆ సమయంలో ఎక్కడుంది?"

"కుర్చీలో ఉందండి. కదల్లేదండి."

హైమవతిగారు పోపుని ఎగాదిగా చూశారు. పోపు కూడా ఆవిణ్ణి అంతకంటే నిదానంగా చూసింది. ఆవిడ మొహంలో మెల్లిగా గౌరవం కనిపించింది.

"మూర్తిగారూ, కుర్చీలోంచి లేవకుండా, నోరు విప్పకుండా, కింది ఉద్యోగి చేత పని పూర్తి చేయించింది. ఇది ఎలుకల్ని పట్టే ఉద్యోగి కాదండీ, పట్టించే ఉద్యోగి. దీన్ని కింది హోదాలో చేర్చుకోవడమే మనం చేసిన పొరపాటు."

"నాకూ మొదణ్ణించీ ఆ అనుమానం ఉందండి," అన్నారు వామనమూర్తిగారు.

అక్కడికక్కడే తీర్మానమైంది. పోపు ప్రొబేషన్ సంతృప్తికరంగా ముగిసింది. మూషిక నిర్మూలనా విభాగానికి పర్యవేక్షణాధికారిణిగా పదోన్నతి కూడా లభించింది. గేటు చిక్కు దానంతటదే విడిపోయింది. పిల్లి ఎదురొస్తే అపశకునం గానీ, అధికారి ఎదురొస్తే అపశకునమని ఏ శాస్త్రంలోనూ లేదు. ఉందన్నవాళ్ళ మీద క్రమశిక్షణా చర్య తీసుకుంటారు. మర్నాటి నించి నూకరాజు పోపుని చూడగానే చెప్పులు విప్పి నమస్కారం పెట్టి, అందరికంటే ముందు లోపలికి రాసాగాడు.

పంకజవల్లి కన్నీళ్ళు తుడుచుకుంటూ పోపుని గుండెలకి హత్తుకుంది. అంత సంతోషం ఆవిడ ఆ కార్యాలయంలో ఎన్నడూ ఎరగదు. అధికారిణిని అలా ఎత్తుకోవచ్చునా అని వామనమూర్తిగారు ఏదో పుస్తకం తిరగేస్తున్నారు గానీ, ఆవిడ పట్టించుకోలేదు.

"అయితే ఇంక ఆ సంచి తీసేస్తారు కదండీ?" అంది.

"ఏ సంచి?"

"అదేనండీ, మేకు మీదిది."

వామనమూర్తిగారు పుస్తకం మూసి, ఒక కాగితం ఆవిడ చేతికిచ్చారు. అధికారిణికి పదోన్నతి రావడంతో ఎలుకలు పట్టే పోస్టు ఖాళీ అయింది. అందరి సమక్షంలో అర్హత నిరూపించుకున్న ఉద్యోగిని ఒకరే కనక, ఆ పోస్టులో శ్రీమతి పంకజవల్లిని నియమించడమైనది. కొత్తగా కొలువులో చేరు వారందరికీ వర్తించు నిబంధనలన్నియు ఆమెకు సైతము వర్తించును. ప్రొబేషన్ నివేదికపై మార్జాల అధికారిణి గారి పాదముద్ర తీసుకొనవలెను.

పంకజవల్లి ఆ కాగితాన్ని చివరిదాకా చదివింది. ఒళ్ళో ఉన్న పోపు తలెత్తి ఆవిడ కేసి చూస్తూ, నెమ్మదిగా కళ్ళు మూసి తెరిచింది. ఆవిడా అలాగే నెమ్మదిగా కళ్ళు మూసి తెరిచింది. "విధి నిర్వహణలో కళ్ళు మూసుకొనుట," అని వామనమూర్తిగారు పక్కనే రాసుకున్నారు.

ఆవిడ గోడ మీది సంచిని చూసి, తరవాత తనని తాను చూసుకుంది.

"నేను అందులో పట్టనుగదండీ," అంది.

"ఆ సంగతి మాకూ తెలుసమ్మా," అన్నారు వామనమూర్తిగారు అనునయంగా. "పెద్దదానికి రాశాం."